సిరివెన్నెల గారికి నివాళిగా సంగీత విభావరి చేయాలంటే: పాటల లిస్టు, ఆర్కెస్ట్రా, సౌండ్, పర్మిషన్లు

మీరు అడిగింది ఇదీ. మే 20న సిరివెన్నెల సీతారామశాస్త్రి గారి పుట్టినరోజుకి మీ సంస్థ తరఫున 600 సీట్ల హాల్లో నివాళి విభావరి పెడుతున్నారు, ఎంట్రీ ఫ్రీ, 40 పాటల లిస్టు తయారుగా ఉంది, ట్రాకుల మీద (అంటే గొంతు లేకుండా ముందే రికార్డు చేసిన సంగీతం మీద) పాడించాలా లేక ఆర్కెస్ట్రా మాట్లాడుకోవాలా, పర్మిషన్లు ఏం తీసుకోవాలి, ఏ పాటతో మొదలుపెట్టి ఏ పాటతో ఆపాలి. చాలా ఏళ్ళుగా ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తున్నాను, ఇలాంటి ప్రోగ్రాములకి పాటల వరస వేసిపెట్టడం కూడా చేస్తుంటాను, అందుకని కొంచెం వివరంగానే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

అన్నిటికంటే ముందు ఒక మాట. మీరు నివాళి ఇస్తున్నది గాయకుడికో సంగీత దర్శకుడికో కాదు, పాట రాసినాయనకి. బాలు గారి నైట్ అయితే గొంతు బాగుంటే చాలు, ఇళయరాజా గారి నైట్ అయితే వాయిద్యాలు ఒరిజినల్‌కి దగ్గరగా పడితే జనం సంతోషంగా ఇంటికెళ్తారు, కానీ రచయిత నైట్‌లో చివరి వరసలో కూర్చున్న పెద్దావిడకి చరణంలో ప్రతి మాటా స్పష్టంగా వినపడకపోతే ఆ రాత్రి ఎంత బాగా పాడినా అది మామూలు సినిమా పాటల ప్రోగ్రామే అవుతుంది. కింద చెప్పేవన్నీ దీని కోసమే.

లిస్టు సంగతి. 40 పాటలు వద్దండి. పాటకి 5 నిమిషాలు వేసుకున్నా ఉత్త పాటలకే 200 నిమిషాలు, అంటే 3 గంటల 20 నిమిషాలు. దానికి వ్యాఖ్యాత మాటలు, గాయకులు రావడం పోవడం, చప్పట్లు, అతిథుల ప్రసంగాలు కలిపితే 5 గంటలు దాటిపోతుంది, అప్పుడేం చేస్తారంటే తొమ్మిదిన్నరకి ఎవరో వచ్చి ఇక త్వరగా కానివ్వండి అంటారు, రెండో చరణాలు కోసేస్తారు. సిరివెన్నెల గారి పాటలో రెండో చరణం కోయడమంటే ఆయన వాదనని సగంలో ఆపేసినట్టే, ఎందుకంటే పల్లవిలో ఒక ప్రశ్న వేసి, మొదటి చరణంలో దాన్ని విప్పి, అసలు సంగతి రెండో చరణంలో చెప్పడం ఆయన చాలా పాటల్లో చేసే పని. 22 పాటలు పెట్టుకోండి, ప్రతిదీ పూర్తిగా పాడించండి.

ఆ 22 ఎలా ఏరాలి అంటే, గాయకులకి ఏం వచ్చో దాన్నిబట్టి మాత్రం కాదు. మామూలుగా జరిగేది అదే, ఒక్కో గాయకుడు తనకి బాగా వచ్చిన మూడు పాటలు ఇస్తాడు, అవి కలిపితే లిస్టు అయిపోతుంది, తీరా చూస్తే పన్నెండు డ్యూయెట్లు ఉంటాయి. దాదాపు 3 వేల పాటలు రాశారని చెప్పుకునే మనిషిలో ఎన్ని గొంతులున్నాయో ఆ లిస్టులో కనపడాలి. నేనైతే ఇలా ఆలోచిస్తాను. భక్తి, తత్వం వైపు ఆదిభిక్షువు, తెలవారదేమో స్వామి, అందెల రవమిది, ఆనతినీయరా లాంటివి. సమాజాన్ని నిలదీసేవి నిగ్గదీసి అడుగు, అర్ధ శతాబ్దపు అజ్ఞానాన్నే, గాంధీ గారి మీద మహాత్మ సినిమాకి రాసిన పాట. ధైర్యం చెప్పేవి ఎప్పుడూ ఒప్పుకోవద్దురా ఓటమి, మనసు కాస్త కలత పడితే, అలుపన్నది ఉందా. ప్రేమ పాటల్లో చెప్పవే చిరుగాలి, ఈ వేళలో నీవు. సరదా పాటలు మర్చిపోకండి, శివలో బోటనీ పాఠముంది, మనీలో భద్రం బీ కేర్‌ఫుల్ బ్రదరు కూడా ఆయన రాసినవే, సిరివెన్నెల అంటే బరువైన పాటలే అనుకునే కుర్రాళ్ళకి ఇవి పాడి ఇది కూడా ఆయనదే అని చెప్పండి, వాళ్ళ మొహాలు చూడండి. 2020లో వచ్చిన అల వైకుంఠపురములో సినిమాలోని సామజవరగమన, ఆర్ఆర్ఆర్‌లో దోస్తీ, ఆయన వెళ్ళిపోయాక విడుదలైన శ్యామ్ సింగరాయ్‌లోని సిరివెన్నెల పాట, వీటిల్లో కనీసం రెండు ఉండాలి, 1986లో సిరివెన్నెల సినిమాతో పేరు తెచ్చుకున్న మనిషి 2021 దాకా ఆ స్థాయి దించకుండా రాశారని ఇంకెలా తెలుస్తుంది.

లిస్టులో తప్పులు కూడా చూసుకోండి. మీరు రాసిన 40లో సాగరసంగమం పాట ఒకటి ఉంది, అది వేటూరి గారిది, తీసేయండి. స్వాతికిరణంలో సిరివెన్నెల గారి పాటలున్నాయి, కానీ సంగీత సాహిత్య సమలంకృతే మాత్రం సినారె గారిది. విశ్వనాథ్ గారి సినిమా కదా అని పెట్టేస్తుంటారు, ప్రేక్షకుల్లో తెలిసినవాళ్ళు తప్పకుండా ఉంటారు, రచయిత నివాళిలో వేరే రచయిత పాట పాడితే ఇద్దరికీ అన్యాయమే. ప్రతి పాటకీ రచయిత, సంగీత దర్శకుడు, మొదట పాడినవాళ్ళు, సినిమా, సంవత్సరం ఒక షీటు మీద రాసి ఇద్దరు విడివిడిగా సరిచూడండి.

మొదటి పాట. అందరూ విధాత తలపున తోనే మొదలుపెడతారు, ఆయనకి ఇంటిపేరులా నిలిచిన సినిమాలోది, మొదటి నంది తెచ్చిన పాట, కాబట్టి సహజమే, అయినా నేను ఒద్దనే చెప్తాను. అప్పటికి జనం ఇంకా వస్తూ ఉంటారు, సౌండ్ ఇంజనీరు ఇంకా ఫేడర్లు (శబ్దం పెంచే తగ్గించే మీటలు) సర్దుకుంటూ ఉంటాడు, గాయకుల గొంతు విచ్చుకోదు. అది బాలు గారు, సుశీల గారు పాడిన పాట, నింపాదిగా నడుస్తుంది, దాచుకోడానికి చోటివ్వదు, సంస్కృత సమాసాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నాలుగో పాటగా పెట్టండి. మొదట చెప్పవే చిరుగాలి లాంటిదొకటి వేస్తే హాలు సర్దుకుంటుంది.

ఆయనకి 1986, 87, 88 వరసగా మూడేళ్ళు నందులు వచ్చాయి, విధాత తలపున, తెలవారదేమో స్వామి, అందెల రవమిది. మొత్తం 11 నందులు, 2019లో పద్మశ్రీ. ఆ మూడు పాటలూ కలిపి ఒక భాగంగా పెడితే బాగుంటుంది, కానీ అందెల రవమిది ఒప్పుకునే ముందు మీ తబలా ఆయన్ని, గాయనిని అడగండి, వాణీ జయరాం గారు పాడిన ఆ నడక, జతులు, ఆ వేగంలో మాట నలగకుండా రావడం మామూలు విషయం కాదు, రాకపోతే అదే సినిమాలోని ఆకాశంలో ఆశల హరివిల్లు పెట్టుకోవచ్చు, దానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఆర్కెస్ట్రానా ట్రాకులా. డబ్బు ఉంటే ఆర్కెస్ట్రా, సందేహం లేదు, కారణం వేరే. ట్రాకు ఎవరి కోసమూ ఆగదు. గాయకుడు ఒక మాట దగ్గర అర క్షణం నిలబడి తర్వాత మాట వేయాలనుకున్నా కుదరదు, శృతి కూడా ఒరిజినల్‌లోనే ఉంటుంది, బాలు గారి శృతిలో మన ఊరి గాయకుడు పై స్థాయికి వెళ్ళేసరికి గొంతు బిగిసి మాటలు నలిగిపోతాయి. ట్రాకుకి శృతి మార్చొచ్చు, ఒకటి ఒకటిన్నర శృతి దాకా బాగానే ఉంటుంది, అంతకంటే దించితే వాయిద్యాల రంగు మారిపోతుంది. పెద్ద ఆర్కెస్ట్రా అక్కర్లేదు, కీబోర్డులు రెండు, తబలా ఢోలక్ వాయించే ఒకరు, రిథమ్ ప్యాడ్, గిటారు, బేస్, ఫ్లూట్ చాలు. ఫ్లూట్ మాత్రం మనిషే వాయించాలి, కీబోర్డులో ఫ్లూట్ టోన్ పెట్టి కానివ్వకండి, సిరివెన్నెల సినిమాలో హీరో చూపులేని వేణు విద్వాంసుడు, ఆ పాటల్లో వేణువు వాయించింది హరిప్రసాద్ చౌరాసియా గారు, ఆ పాటలకి వేణువే ప్రాణం.

బడ్జెట్ తక్కువైతే మధ్యేమార్గం ఉంది, సామజవరగమన లాంటి కొత్త పాటలు, ప్రోగ్రామింగ్ (కంప్యూటర్‌లో చేసిన సంగీతం) ఎక్కువగా ఉన్నవి ట్రాకు మీద పాడించి, మాట మీద నిలబడే ఎనిమిది పది పాటలకి తబలా, ఫ్లూట్, ఒక కీబోర్డుతో లైవ్ చేయండి. జగమంత కుటుంబం నాది అయితే ఒక గిటారు, ఒక కీబోర్డు ఉంటే చాలు. చక్రి గారి సంగీతంలో దాన్ని పాడింది సంగీత దర్శకుడు శ్రీ గారు, గాయం, సింధూరం పాటలకి బాణీలు కట్టిన ఆయనే. ఆ పాటకి కోరస్ పెట్టకండి, అందర్నీ స్టేజీ మీదకి పిలిచి చేతులు ఊపుతూ పాడించకండి, అది ఒంటరి మనిషి తనతో తను మాట్లాడుకునే పాట, ఒక్కరే పాడాలి.

గాయకుల విషయంలో గట్టిగా ఉండండి. ఎంపికప్పుడు పాట పాడించే ముందు సాహిత్యం చదివించండి, రాగం లేకుండా, ఉత్తినే. శ, ష, స తేడా, ళ, ల తేడా, ఒత్తులు, అక్కడే తెలిసిపోతాయి. ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో కూడా చూడండి. అర్ధ శతాబ్దపు అజ్ఞానాన్నే అనేది ఒక్క ఊపిరిలో రావాలి, శతాబ్దపు దగ్గర ఆగితే వెక్కిరింత పోతుంది, మాట మిగులుతుంది అంతే. ఊపిరి చోట్లు పెన్సిల్‌తో గీతలు పెట్టి ఇవ్వండి. నిగ్గదీసి అడుగు పాడేవాళ్ళు చాలామంది మొదటి మాట నుంచే అరుస్తారు, అందులో కోపం ఉంది నిజమే, కానీ అది అడిగి అడిగి అలిసిపోయిన మనిషి కోపం, తెర మీద ఆ పాటలో కనిపించింది శాస్త్రి గారే, ఒకసారి ఆ వీడియో చూపించండి మీ గాయకుడికి, ఆయన మొహంలో ఎంత నిబ్బరం ఉంటుందో చూస్తే ఎలా పాడాలో అర్థమవుతుంది.

సాహిత్యం నెట్‌లో దొరికింది కాపీ చేసి ఇవ్వొద్దు, చాలా సైట్లలో తప్పులున్నాయి, ఒకరి తప్పు ఇంకొకరు దించుకుంటారు. తన పాటల నేపథ్యం గురించి ఆయనే రాసిన సిరివెన్నెల తరంగాలు పుస్తకం ఉంది, అమెరికాలోని తెలుగు సంఘం తానా వాళ్ళు సమగ్ర సాహిత్యం సంపుటాలు వేశారు, మీ సంస్థ ఆ పుస్తకాలు కొని పెట్టుకుంటే ఈ ప్రోగ్రామ్ అయ్యాక కూడా పనికొస్తాయి. గాయకులకి పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి ఇవ్వండి, ఫోన్‌లో చూస్తూ పాడితే తల దించేస్తారు, గొంతు మూసుకుంటుంది.

సౌండ్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మాట పోయేది ఎక్కువగా ఇక్కడే. మన సౌండ్ వాళ్ళకి అలవాటైన మిక్సింగ్‌లో రిథమ్ ప్యాడ్, బేస్ ముందుంటాయి, గొంతుకి రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు చేసే మోత) నిండుగా ఉంటుంది, దాని మీద డిలే (మాట మళ్ళీ వినిపించే ప్రతిధ్వని). గాయకుడికి అది హాయిగానే ఉంటుంది, తన గొంతు తనకి పెద్దగా వినిపిస్తుంది, హాల్లో కూర్చున్నవాళ్ళకి మాత్రం ఒక మాట తోక తర్వాతి మాట మీద పడుతుంది. సౌండ్ ఆయనతో ముందు రోజే మర్యాదగా కూర్చుని మాట్లాడండి. గొంతు మైకులన్నిటికీ 100 హెర్ట్జ్ కింద కోసేయాలి, 250 నుంచి 400 మధ్య గొంతు బురదగా అనిపిస్తే కొంచెం తగ్గించాలి, 2 వేల నుంచి 4 వేల మధ్య హల్లులు ఉంటాయి, అక్కడ చిన్నగా పెంచాలి, ఎక్కువ పెంచితే చెవుల్లో గుచ్చుకుంటుంది. రివర్బ్ ఇప్పుడు పెట్టేదాంట్లో సగం పెడితే చాలు, వ్యాఖ్యాత మైకుకి అసలే వద్దు. కీబోర్డు వాళ్ళకి కూడా చెప్పండి, గొంతు నడుస్తున్నప్పుడు అదే స్థాయిలో నిండు కార్డులు (ఒకేసారి నొక్కే స్వరాల గుత్తులు) పట్టుకుని కూర్చోవద్దని, నేను వాయించేటప్పుడు ఎడమ చెయ్యి పైకి తెచ్చి పల్చగా వాయిస్తాను, చరణంలో చాలా తేడా తెలుస్తుంది.

సౌండ్ చెక్ రోజు ఒక పని చేయండి, పాట తెలియని మనిషినొకర్ని చివరి వరసలో కూర్చోబెట్టి, విన్న చరణాన్ని కాగితం మీద రాయమనండి. రాయలేకపోతే ఇంకా సర్దాలి. ఖాళీ హాల్లో గొంతు మోగుతుంది, జనం నిండాక ఆ మోత తగ్గుతుంది, కాబట్టి చెక్‌లో కొంచెం మోగినా కంగారు పడక్కర్లేదు, కానీ మాటే తెలియకపోతే జనం వచ్చినంత మాత్రాన బాగవదు.

స్క్రీన్ పెడుతున్నామన్నారు. సినిమా క్లిప్పులు వేయకండి. వాటికి హక్కులు వేరు అన్నది ఒక కారణం, కళ్ళు హీరో మీదకి వెళ్ళిపోతాయన్నది ఇంకా పెద్ద కారణం. దాని బదులు పాడుతున్న పంక్తిని పెద్ద తెలుగు అక్షరాల్లో వేయండి, పాట తెలిసిన కుర్రాడిని ఒకడిని కూర్చోబెడితే లైన్ లైన్‌కి మారుస్తాడు. వినికిడి తగ్గిన పెద్దవాళ్ళు ఎంత సంతోషిస్తారో చెప్పలేను, పిల్లలు కూడా చదువుతూ వింటారు. బ్యానర్ మీద గాయకుల ఫోటోలు, అతిథుల ఫోటోలు పెద్దవిగా, ఆయన ఫోటో మూలన చిన్నదిగా ఉండే పద్ధతి మాత్రం మానేయండి దయచేసి.

వ్యాఖ్యాత పాటకి ఒక నిమిషం మించి మాట్లాడకూడదు. సిరివెన్నెల గారి మీద త్రివిక్రమ్ గారి ప్రసంగం ఒకటి అందరికీ నోటికొచ్చు, దాన్నే మళ్ళీ చెప్పించకండి, హాల్లో సగం మంది అది వినే వచ్చుంటారు. పాటకి అవసరమైన సందర్భం చెప్తే చాలు. చిలకా ఏ తోడు లేక పాట ఉంది, శుభలగ్నంలో డబ్బు కోసం భర్తని అమ్ముకున్న ఇల్లాలి మీద వచ్చే పాట అని ఒక్క వాక్యం చెప్తే ఈ కాలం పిల్లలకి ప్రతి మాటా తగులుతుంది, చెప్పకపోతే ఏదో విషాద గీతంలా వెళ్ళిపోతుంది. ఆదిభిక్షువుకి అది నిందాస్తుతి అని, తిడుతున్నట్టుగా శివుణ్ణి పొగడటం అని చెప్పండి. తెలవారదేమో స్వామి అన్నమయ్య కీర్తన అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఆ సంగతి చెప్తే జనం ఇంకా శ్రద్ధగా వింటారు. ఈ వేళలో నీవు సునీత గారి మొదటి సినిమా పాట, ఇది ఒక వాక్యం. భరణి అనే కలం పేరుతో కవితలు రాసుకుంటూ టెలిఫోన్స్‌లో ఉద్యోగం చేసిన మనిషి విశ్వనాథ్ గారి దృష్టిలో పడటం గురించి ఒక నిమిషం, విధాత తలపునకి ముందు. ఇంతే చాలు.

సభ, సన్మానాలు, శాలువాలు అన్నీ మొదటి అరగంటలో అయిపోవాలి. మధ్యలో అతిథి వచ్చారని పాట ఆపి వేదిక మీదకి పిలవడం పెట్టుకోకండి, ఎవరు వచ్చినా ముందు వరసలో కూర్చోబెట్టి ప్రోగ్రామ్ నడవనివ్వండి.

ఇక పర్మిషన్లు. హాలు వాళ్ళ బుకింగ్, పోలీసులకి దరఖాస్తు, ఇవి హాలు మేనేజరే చెప్తారు, రాత్రి 10 దాటితే బయట స్పీకర్లు ఉండకూడదు, హాలు లోపలికే పరిమితం. అసలు మాట్లాడాల్సింది కాపీరైట్ గురించి, చాలామంది అసలు పట్టించుకోరు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక ఆ తర్వాతి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్ళు హక్కులుంటాయి, ఆయన 2021 నవంబర్ 30న వెళ్ళిపోయారు కాబట్టి 2081 చివరి దాకా. అమెచ్యూర్ సంస్థ, డబ్బు తీసుకోకుండా ప్రేక్షకుల ముందు చేసే ప్రదర్శనకి సెక్షన్ 52లో మినహాయింపు ఉంది, మీది ఫ్రీ ఎంట్రీ కాబట్టి ఉపయోగపడొచ్చు, కానీ పారితోషికం ఇచ్చి ప్రొఫెషనల్ ఆర్కెస్ట్రాని, గాయకుల్ని పెడితే అమెచ్యూర్ అనే మాట నిలబడటం కష్టం. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, ఐపీఆర్ఎస్ లైసెన్స్ తీసుకోండి. సాహిత్యం, బాణీ పబ్లిక్‌లో ప్రదర్శించడానికి లైసెన్స్ ఇచ్చే సొసైటీ అది, ఆన్‌లైన్‌లోనే అప్లై చేయొచ్చు. వచ్చే డబ్బులో వాటా సభ్యులైన రచయితలకి, స్వరకర్తలకి, వాళ్ళ వారసులకి వెళ్తుంది. 2012లో చట్టం సవరించేదాకా సినిమా పాటల రచయితలు తమ రాయల్టీని ఒక్క సంతకంతో వదులుకోవాల్సి వచ్చేది, జావేద్ అఖ్తర్ గారి లాంటివాళ్ళు పార్లమెంటులో పోరాడి ఆ సవరణ తెచ్చుకున్నారు. రచయితకి నివాళి అని బ్యానర్ కట్టి, పువ్వులకీ శాలువాలకీ ఖర్చు పెట్టి, రచయితలకి చేరే ఈ ఫీజు దగ్గర వెనకాడటం నాకు బాధగా ఉంటుంది.

ప్రోగ్రామ్ వీడియో యూట్యూబ్‌లో పెడితే మ్యూజిక్ కంపెనీల నుంచి క్లెయిమ్ రావచ్చు, క్లెయిమ్ వేరు, స్ట్రైక్ (ఛానెల్ మీద పడే హెచ్చరిక) వేరు, క్లెయిమ్ వస్తే మామూలుగా యాడ్స్ డబ్బు వాళ్ళకి పోతుంది, వీడియో ఉంటుంది, కొన్నిసార్లు బ్లాక్ అవుతుంది. ట్రాకు మీద పాడినవాటికి క్లెయిములు ఎక్కువ వస్తాయి. మొత్తం మూడు గంటలు ఒకే ఫైలుగా పెట్టకుండా పాట పాటగా కోసి పెట్టండి, ఒకటి బ్లాక్ అయినా మిగతావి ఉంటాయి.

రిహార్సల్స్ కనీసం నాలుగు పెట్టుకోండి, చివరిది పూర్తి వరసలో, వ్యాఖ్యాతతో సహా, గడియారం చూసుకుంటూ. 40ని 22కి తగ్గించిన లిస్టు, ఎవరు ఏ పాట, ఎవరి శృతి ఎంత అనేది రాసి పంపండి, వరస నేను వేసి ఇస్తాను. అందెల రవమిది ఎవరు పాడుతున్నారో మాత్రం ముందే చెప్పండి, దాన్నిబట్టి తబలా ఎవర్ని మాట్లాడాలో చూడాలి.